వచ్చిన జాబును ముందుకు పంపుట

పోతనామాత్యుని భాగవతమున రుక్మిణీదేవి పంపిన అగ్నిద్యోతనుడను బ్రాహ్మణుడు ద్వారకకు పోయి శ్రీకృష్ణునితో మాటలాడిన తీరు గమనింపదగినది. ఆమె చెప్పి పంపిన మాటలను మొదట ఆమె మాటలుగనే వినిపించెను. అవి ముగిసిన పిదప, ఇది ఆమె సందేశమని తెలిపి, అటుపైన తన మాటలు కొన్ని చేర్చెను. ఏది రుక్మిణి మాట, ఏది బ్రాహ్మణుని మాట అను సందేహము వినువారికి కలుగనే కలుగదు. ఒకరి మాటను వేరొకరికి అందించువాడు పాటింపవలసిన మర్యాద యంతయు ఆ కొద్దిపాటి ఘట్టములో ఇమిడియున్నది.

కచేరీ కాగితములలో ఆ మర్యాదకే షరా యని పేరు. కదిరి తాలూకా 1910 వరకు కడప జిల్లాలో చేరియుండి, ఆ యేట అనంతపురము జిల్లాకు మారినది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. జిల్లా యేదైనను రైతు వ్రాసికొన్న అర్జీ గ్రామోద్యోగి చేతినుండి తహశీల్దారునకు, అచటినుండి పైవారికి పోవునప్పుడు, అర్జీలోని అక్షరమును నడుమనున్నవారు ముట్టరాదు. తాము చెప్పదలచినది ప్రక్కన గాని అడుగున గాని షరాగా వ్రాసి, తేదీ వేసి, చేవ్రాలు చేయవలెను. ఆ షరాలో అన్యాయమున్నను, అట్టిది లోకములో లేకపోలేదు, రైతు మాట రైతు మాటగనే పైవారి కంట బడెడిది. 1984లో కరణముల ఉద్యోగములు రద్దయినవి గాని షరా వ్రాయుట ఆగలేదు.

నేడు చేతిలో ఫోను ఉన్న ప్రతివారును 'ఫార్వర్డు' అను మాట నెరుగుదురు. వచ్చిన సందేశమును మరొకరికి పంపుటకు వ్రేలితో ఒక్క తాకుడు చాలును. ఈ పని బొమ్మలును, మీటలును లేని కాలమున, నల్లని తెర మీదనో, కాగితపు చుట్ట మీదనో ఆజ్ఞలను అక్షరములుగా టైపు చేసి నడపిన కంప్యూటరులలో పుట్టినది. దానిని కల్పించినవారు షరా నెరిగినవారు కారు, అగ్నిద్యోతనుని కథ విన్నవారును కారు. అయినను వారికి ఎదురైన ప్రశ్న అదియే.

1965లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ అను ఇద్దరు ఒకే కంప్యూటరును వంతులవారీగా వాడుకొనువారు పరస్పరము జాబులు విడిచిపోవుటకు 'మెయిల్' అను ఆజ్ఞను వ్రాసిరి. అది ఒకే ఇంటివారు గూటిలో చీటీలు పెట్టుకొనుట వంటిది. ఇల్లు దాటి పోయిన మొదటి జాబు 1971 నాటిది. రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ఆర్పానెట్టు గుండా జాబు పంపెను. ఆ రెండు యంత్రములును ప్రక్కప్రక్కనే ఉండుట తమాషా. మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ ఆయన యుంచిన 'అట్' గుర్తు లెక్కల పుస్తకములు వ్రాయువారికి పాత చుట్టమే. బస్తా ఇంత ధర చొప్పున అను చోట వర్తకులు వాడునది అదియే.

పంపుటకు సాధనము దొరకినది గాని చదువుటకు సరియైన దారి లేకుండెను. వచ్చిన జాబులన్నియు ఒకే దస్త్రములో ఒకదాని వెనుక ఒకటి చేరుచుండెను. 1972లో లారీ రాబర్ట్స్ జాబుల జాబితా చూపి, కావలసినదానిని ఏరుకొని చదువుటకు 'ఆర్‌డీ' యను చిన్న ప్రోగ్రామును వ్రాసెను. 1975లో కాలిఫోర్నియాలో ఉన్న జాన్ విట్టల్ 'ఎమ్మెస్‌జీ' యను ప్రోగ్రామును తయారుచేసెను. జవాబు వ్రాయుట, ముందుకు పంపుట అను రెండు పనులును చదువుటతో కలిసి ఒకేచోట అమరినది దానిలోనే. నేటి ఈమెయిలు ప్రోగ్రాములన్నియు ఆ వంశములోనివే యని చెప్పవచ్చును.

బెల్ ప్రయోగశాలలో 1971 నాటికి వచ్చిన యూనిక్సు వ్యవస్థలో 'మెయిల్' అను ప్రోగ్రాము మొదటినుండియు కలదు. జాబుకు పైన పంపినవారి పేరును, దానితో ఒక తపాలా ముద్రయు చేరునని దాని వివరణ పత్రములోనే వ్రాసియున్నది. జాబు కనబడిన పిదప 'ఎం' అను అక్షరమును, ఒకరి పేరును కొట్టినచో ఆ జాబు వారికి పోవును. అనగా యంత్రము నిర్మించినవారే తపాలా మాటలను అరువు తెచ్చుకొనిరి.

వచ్చిన జాబును తన మాటలతో కలిపి పంపు పద్ధతికి మంచి రూపము 1978లో వచ్చినది. బర్క్లీ విశ్వవిద్యాలయమున కర్ట్ షోయెన్స్ వ్రాసిన మెయిల్ ప్రోగ్రాములో జాబులకు వరుస సంఖ్యలుండును. మూడవ జాబును మరొకరికి పంపవలెనన్న, ముందుగా వారి పేరుతో కొత్త జాబు మొదలుపెట్టి, విషయమును పేర్కొని, తాను చెప్పదలచిన రెండు మాటలు టైపు చేయవలెను. తరువాత కొత్త పంక్తి మొదట టిల్డె యను అలవంటి గుర్తును, ఎఫ్ అక్షరమును, మూడు సంఖ్యను కొట్టవలెను. మూడవ జాబు తన తలకట్టుతో, పంపినవారి పేరుతో, తేదీతో సహా అచ్చట వచ్చి చేరును. ఎఫ్‌నకు బదులు ఎం కొట్టినచో, ఆ జాబు పంక్తులన్నియు కుడివైపునకు జరిగి కూర్చుండును. తన మాట అంచు దగ్గర, పరుల మాట లోపలికి; ఎవరిది యేదో చదువకముందే కంటికి తెలియును. చివర ఒక పంక్తిలో చుక్క మాత్రము పెట్టినచో జాబు వెడలిపోవును. ఇంతకన్న చక్కని షరా పద్ధతి కాగితము మీదను లేదు.

కాని ఇందులో ఒక లోపమున్నది. అట్లు వచ్చి చేరిన జాబు పంపువాని చేతిలోని వ్రాత యగును. అతడు కోరినచో పంపుటకు ముందు దానిలో ఒక మాట తీసివేయవచ్చును, ఒక అంకె మార్చవచ్చును. అందుకొన్నవానికి ఆ సంగతి తెలియదు. అది నకలే గాని అసలు కాదు. నకలుదారుని నిజాయితీయే దానికి జామీను.

ఈ లోపమును 1982 నాటి నియమములు కొంతవరకు తీర్చినవి. డేవిడ్ క్రాకర్ కూర్చిన నియమావళి ప్రకారము జాబును మార్పులేక మరల పంపినవాడు తన పేరును, తేదీని ప్రత్యేకమైన పంక్తులలో చేర్చవలెను. మొదట వ్రాసినవాని పంక్తులు ఉన్నవి ఉన్నట్లే నిలుచును. ఆ సంవత్సరమే జాన్ పోస్టెల్ ప్రకటించిన తపాలా నియమము ప్రకారము, జాబు ఏయే యంత్రముల గుండా పోవునో ఆ ప్రతి యంత్రమును తన పేరు, సమయము గల ముద్రను పైన వేయవలెను. తరువాత 1992లో నెడ్ ఫ్రీడ్, నథానియెల్ బోరెన్‌స్టైన్ కలిసి కూర్చిన మైమ్ నియమము మూడవ దారి చూపినది. వచ్చిన జాబును తలకట్టులతో సహా మొత్తముగా మూటగట్టి కొత్త జాబులో అనుబంధముగా పెట్టుటయే అది. అసలు అర్జీని షరాకు కుట్టి పంపుటకును దీనికిని భేదము లేదు.

తన జాబులన్నియు తానై మరొక యంత్రమునకు పోవునట్లు చేయుటయు ఆ కాలముననే వచ్చినది. ఎరిక్ ఆల్మన్ వ్రాసి, 1983లో బర్క్లీ యూనిక్సుతో వెలువడిన సెండ్‌మెయిల్ అను తపాలా ప్రోగ్రాము, వాడుకరి తన దస్త్రములలో 'ఫార్వర్డు' అను పేరుగల చిన్న దస్త్రమును పెట్టి అందులో కొత్త చిరునామా వ్రాసినచో దానిని మన్నించును. ఒకడు తన జాబులను రెండవవానికి, రెండవవాడు తన జాబులను మొదటివానికి మళ్లించినచో యేమగును? జాబు ఆ రెండిళ్ల నడుమ గిరగిర తిరుగును. దానిపై ముద్రలు ఒక పరిమితిని మించినప్పుడు సెండ్‌మెయిల్ ఆ జాబును ఆపి, పంపినవానికి త్రిప్పి పంపును. సాక్ష్యమునకై వేసిన ముద్ర ఈ విధముగ కాపలాకును పనికివచ్చినది.

మన దేశమున ఈ తపాలా తొలుత మజిలీ పద్ధతిని నడచినది. గజ్జెలు కట్టిన బల్లెముతో తపాలా బంట్రోతు ఒక మజిలీనుండి మరియొక మజిలీకి సంచి చేరవేసిన తీరున, యూయూసీపీ అను ఏర్పాటులో ఒక కంప్యూటరు రెండవదానికి టెలిఫోను చేసి జాబుల కట్టను అప్పగించెడిది. అది మూడవదానికి అందించెడిది. చిరునామాలో నడుమ యంత్రముల పేర్లన్నియు వరుసగా, ఆశ్చర్యార్థకపు గుర్తులతో విడదీసి వ్రాయవలసియుండెను. మజిలీ పేరు ఒకటి తప్పినచో జాబు చేరదు. 1986లో కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖ మొదలుపెట్టిన ఎర్నెట్టు ఈ పద్ధతిని వాడుకొనినది. అందులో చేరిన ఎనిమిది సంస్థలలో కదిరికి దగ్గరివి బెంగుళూరు విజ్ఞాన సంస్థయు, మద్రాసు ఐఐటీయు. 1995 ఆగస్టు 15న విదేశ సంచార నిగమ్ సంస్థ ఇంటర్నెట్టును ప్రజలకు తెరచినప్పుడు, తక్కువ ధర ఖాతాలు అక్షరముల తెరకే పరిమితములు. వాటిని 'షెల్ ఖాతా' లనిరి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో పుట్టిన పైన్ అను మెయిల్ ప్రోగ్రాము అట్టి తెరలమీద ప్రసిద్ధికెక్కెను. అందులో ఎఫ్ నొక్కినచో తన మాటలు చేర్చి పంపుట. బీ నొక్కినచో ఉన్నది ఉన్నట్లు మళ్లించుట. నకలునకును అసలునకును గల భేదము రెండు వేరువేరు మీటలుగా నిలిచినది.

తెలుగునకు ఇందులో ప్రత్యేకమైన కష్టము కలిగెను. ఆ యంత్రములు ఇంగ్లీషు అక్షరములను మాత్రమే మోయగలవు. 1990 దశకపు మొదటి సంవత్సరములలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు తమ భాషను ఇంగ్లీషు లిపిలో వ్రాసి పంపుకొనుచుండిరి. హ్యూస్టన్ నగరములోని రైస్ విశ్వవిద్యాలయమున ఉన్న తెలుగువారు ఇందుకొక క్రమమును ఏర్పరచిరి. చిన్నబడి, పెద్దబడి అక్షరములలోని భేదమే దానికి ప్రాణము. చిన్న 'టీ' త కారము, పెద్ద 'టీ' ట కారము. చేరిన జాబును ఉన్నది ఉన్నట్లు ముందుకు పంపినచో చిక్కు లేదు. ఎవడైన బద్ధకించి, తిరిగి టైపు చేయునప్పుడు అన్నియు చిన్నబడిలోనే కొట్టినచో 'పాట' కాస్త 'పాత' యగును. పద్యములో అట్టి మార్పు ఒకటి చొరబడి నలుగురి చేతులు మారిన పిదప కవి వ్రాసినదేదో తేల్చుట కష్టము.

ఈ కష్టము కదిరి సీమకు కొత్తది కాదు. వేమన సమాధి గల కటారుపల్లె ఈ ప్రాంతములోనిదే. ఆయన పద్యములు నోటినుండి నోటికి, తాటాకునుండి తాటాకునకు పోయినవి. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌను దొర తరువాతి సంవత్సరములలో వేమన ప్రతులను సేకరించి చూడగా ఒక ప్రతికి మరియొక ప్రతి పొసగలేదు. వాటిని పోల్చి 1829లో ఒక కూర్పును, 1839లో మరియొక కూర్పును ప్రకటించెను. వేమన పద్యములకు మకుటమున్నది. అది పంపినవాని పేరు వంటిది. అయినను పరులు కట్టిన పద్యమునకు ఆ మకుటము తగిలించుటను అది ఆపలేకపోయెను. ఏ వ్రాయసకాడు ఏ ప్రతిని చూచి వ్రాసెనో తెలిపెడి ముద్రలు ప్రతి తాటాకు మీదను ఉండినచో బ్రౌను పని సగము తగ్గియుండెడిది.

ముద్ర లేని మాట యెంత చెరుపు చేయునో 2018లో దేశము చూచినది. పిల్లల నెత్తుకుపోవువారు వచ్చిరను పుకారు వాట్సాపులో చేతులు మారి, పలుచోట్ల గుంపులు నిరపరాధులను కొట్టి చంపినవి. ఆ జూలైలో వాట్సాపు సంస్థ, ముందుకు పంపిన సందేశముపై 'ఫార్వర్డు' అను గుర్తు పెట్టి, మన దేశమున ఒకసారికి అయిదు చోట్లకు మించి పంపరాదని హద్దు పెట్టినది. పలుమార్లు చేతులు మారినదానిని ఒకసారికి ఒక్కచోటికే పంపవలెనని 2020లో మరల బిగించినది. ఆ గుర్తు సందేశము పరులదని చెప్పునే గాని, మొదట వ్రాసినది ఎవరో, ఎన్నడో చెప్పదు. 1978 నాటి ప్రోగ్రాము పేరును, తేదీని తోడిచ్చి పంపినది. నలుబదియేండ్ల తరువాతి ప్రోగ్రాము ఆ రెండింటిని విడిచిపెట్టినది. దీనిని అభివృద్ధి యనుట కష్టము.

ఈమెయిలులో ఆ ముద్రలు నేటికిని కలవు. కంటికి కనబడకుండ దాచబడియున్నవి. జీమెయిలును కంప్యూటరులో తెరచి, జాబు ప్రక్కనున్న మూడు చుక్కల క్రింద అసలును చూపు ఆజ్ఞను ఎన్నుకొన్నచో అవి వరుసగా దర్శనమిచ్చును. వాటిని అడుగునుండి పైకి చదువవలెను: అడుగున ఉన్నది బయలుదేరిన మజిలీ, పైనున్నది చేరిన మజిలీ. మామూలు ఫార్వర్డు మీటతో వచ్చిన జాబులో ముందుకు పంపినవాని ముద్రలే యుండును, మొదటివాని ముద్రలు రావు. అవి కావలసినచో అనుబంధముగా పంపుమని అతనిని అడుగవలెను. అడుగు ముద్రలను కపటులు కల్పించి వ్రాయగలరు. తన జాబుల పెట్టె గల యంత్రము స్వయముగా వేసిన పైముద్రను మాత్రము వారు ముట్టజాలరు.