కేశపిండము
కేశపిండము: మ్రింగిన వెండ్రుకలు జఠరమున పేరుకొని ముద్దగట్టుటచే నేర్పడు ఘనపదార్థము, వైద్యులు దీనిని ట్రైకోబెజోర్ అందురు. కేశములందలి కెరటిన్ అను ప్రోటీనును జీర్ణరసములు కరగింపజాలవు గనుక, నునుపైన వెండ్రుకలు జఠరపు మడతలలో చిక్కుకొని, ఆహారముతోను శ్లేష్మముతోను పెనవడి, క్రమముగా జఠరాకృతినే దాల్చును. దాని తోక చిన్నప్రేగులోనికి సాగినయెడల అది రపుంజెల్ సిండ్రోమ్. ఈ పేరు 1968లో వైద్యవాఙ్మయమున కెక్కినది. జుట్టు పీకికొని నమలు అలవాటుగల బాలికలయం దిది హెచ్చు. ఆకలి మందగించుట, కడుపునొప్పి, వాంతులు, రక్తహీనత, పొట్ట పైభాగమున గట్టి గడ్డ, తలపై పలుచబడిన జుట్టు దీని లక్షణములు. ప్రేగు మూసికొన్నచో ప్రాణాపాయము. పెద్ద పిండమును శస్త్రచికిత్సచే తీయుదురు. పిదప మానసిక చికిత్స లేనిచో మరల ఏర్పడవచ్చును. హైదరాబాదు పరిసరముల బిడ్డలకు ఆ నగరమందలి నీలోఫర్ ఆసుపత్రి, ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఆశ్రయములు. బిడ్డను దండింపక, ఆ అలవాటు వెనుకనున్న వేదనను లాలనతో గ్రహించుట తల్లిదండ్రుల ప్రథమ ధర్మము.