పునరపరాధం – దండం – నివృత్తి

స్వల్పమైన వంచన చేసి ఒకమారు శిక్ష పొందినవాడు, అదే వంచనకు మరల న్యాయాధికారి ఎదుట నిలిచాడు. అపహరించిన ధనం అల్పమే. కానీ అపరాధం మొదటిది కాదు. అతనికి విధింపదగిన దండం ఏది? ఈ ధర్మసందేహాన్ని మన ప్రాచీనులు సూక్ష్మంగా విచారించారు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో నాలుగవ అధికరణం ‘కంటకశోధనం’. ద్రోణమనే కొలతలో అర్ధపలం హెచ్చుతగ్గులు దోషం కాదనీ, పలం భేదముంటే 12 పణాల దండమనీ, భేదం పెరిగినకొద్దీ దండమూ పెరుగుతుందనీ అందులో ఉంది. ఇక్కడ లెక్క ద్రవ్యానిది. అదే అధికరణంలో, కొంగుముడి విప్పి సొమ్ము హరించే గ్రంథిభేదకుని ప్రసక్తి వచ్చేసరికి లెక్క మారుతుంది. మొదటి అపరాధానికి 54 పణాలు, రెండవదానికి 100, మూడవదానికి 400; ఇవి అంగచ్ఛేదానికి ప్రత్యామ్నాయాలు. నాలుగవమారు వధ. హరించినది ఎంత అన్నది కాక, ఎన్నవమారు అన్నదే అక్కడ ప్రమాణం. నేటి మనస్సుకు ఈ అంగచ్ఛేదం క్రూరమనిపించడం సహజం. ఆ క్రౌర్యాన్ని ప్రశ్నించిన స్వరం కూడా మన వాఙ్మయంలోనే ఉంది.

మహాభారత శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు ద్యుమత్సేన–సత్యవంతుల సంవాదాన్ని వినిపిస్తాడు. తండ్రి ఆజ్ఞతో వధ్యస్థానానికి కొనిపోబడుతున్నవారిని చూచి సత్యవంతుడు అడ్డుపడతాడు. ఒక్క దస్యుని వధిస్తే అతని భార్య, తల్లి, తండ్రి, పుత్రులు కూడా హతులైనట్లే కదా అన్నది అతని వాదం. పూర్వం ధిక్కారమే దండంగా చాలేదనీ, తరువాత వాగ్దండం, ఆపై ధనదండం, ఇప్పుడు వధదండం అవసరమయ్యాయనీ తండ్రి బదులిస్తాడు. అయితే కరుణాపక్షం వహించిన ఈ సంవాదం కూడా పునరపరాధాన్ని ఉపేక్షించదు. మరల మరల తప్పు చేసినవాడు మొదటిమారు వలె విడుదలకు అర్హుడు కాడని అందులో స్పష్టంగా ఉంది.

కారణం మనుస్మృతిలో దొరుకుతుంది. దండానికి ముందు అనుబంధాన్ని, దేశకాలాలను, అపరాధి శక్తిని, అపరాధ స్వరూపాన్ని పరిశీలించాలని అష్టమాధ్యాయం విధిస్తుంది. బుద్ధిపూర్వకంగా మరల మరల అపరాధం చేయడమే ఇక్కడ ‘అనుబంధం’ అని కుల్లూకభట్టు వ్యాఖ్య. మొదట వాక్కుతో మందలింపు, పిదప ధిక్కారం, మూడవది ధనదండం, చివరకు వధదండం అన్న మనువు క్రమానికి మూలం ఇదే. పెరిగినది సొమ్ము కాదు. వినికూడా పెడచెవిన పెట్టిన హితవాక్యాల సంఖ్య.

ఈ వివేకం ఆధునిక న్యాయవ్యవస్థలోనూ కనబడుతుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 75వ సెక్షను, కొన్ని తరగతుల నేరాలకు లోగడ శిక్షపడినవాడు మరల అటువంటి నేరమే చేస్తే శిక్షను హెచ్చించింది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 3వ సెక్షను మోసం వంటి నేరాలలో, పూర్వశిక్ష లేనివానిని మందలించి విడువవచ్చన్నది. అది అచ్చంగా వాగ్దండమే. రెండవమారు వచ్చినవానికి ఆ ద్వారం మూసుకున్నా, 4వ సెక్షను ద్వారం పూర్తిగా మూసుకోదు. నేర స్వరూపాన్ని, అతని శీలాన్ని పరిశీలించి, సత్ప్రవర్తనకు పూచీకత్తు తీసుకొని విడిచే అధికారం న్యాయస్థానానికి ఉంది. అనుబంధాన్ని చూడమన్న ధర్మశాస్త్రం అడిగినదీ ఈ పరిశీలననే.

రాజదండం పొందినవాడు నిర్మలుడౌతాడని మనువు చెప్పాడు. ఏకాదశాధ్యాయంలో మరొక మాట చేర్చాడు: చేసినదానికి పరితపించడం వలన పాపవిముక్తి, ఇక చేయనన్న సంకల్పంతో మానుకోవడం వలన శుద్ధి. పరితాపం ఒకమారు శిక్షపడిన మరునాడు కూడా కలుగవచ్చు. అయినా అతడు మరల అక్కడికే వచ్చి నిలిచాడంటే లోపించినది నివృత్తి. న్యాయాధికారి దండాన్ని కొలిచి ఇవ్వగలడు, హెచ్చించగలడు, తగ్గించగలడు. నివృత్తిని మాత్రం ఏ తీర్పులోనూ వ్రాసి ఇవ్వలేడు. అది దండితుడే తన అంతఃకరణంలో సంపాదించుకోవలసినది.