పట్టా వెంట నడిచిన పైసలు

మన కథల్లో డబ్బు ఎక్కువగా రెండు చోట్ల కనిపిస్తుంది: షావుకారు పెట్టెలో, కార్మికుని జీతం కవరులో. ప్రభుత్వం నేరుగా బీదవాని చేతిలో పెట్టే డబ్బుకు మన సాహిత్యంలో ఇంకా సరైన చోటు దొరకలేదు. వచ్చినా ఓట్లనాటి తాయిలంగానో, మగవాణ్ణి సారా దుకాణం వైపు నడిపించే సొమ్ముగానో వస్తుంది. ఈ చూపు ఎంత తొందరపాటుదో తెలియాలంటే సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు గత యాభై ఏళ్ల చరిత్రను ఒకసారి తిరగేయాలి. నగదు ఇక్కడికి ఒక్కసారిగా ఊడిపడలేదు. నష్టపరిహారంగా, పింఛనుగా, పెట్టుబడి సాయంగా వేర్వేరు పేర్లతో వచ్చింది. ఎవరి చేతికి వచ్చింది, ఎవరి పక్కనుంచి వెళ్లిపోయింది అన్నదే అసలు ప్రశ్న.

అంతకుముందు సంగతి కొంత చెప్పుకోవాలి. నిజాం కాలపు మెదక్ జిల్లాలో కూలికి రూపాయి ముఖం తెలిసింది తక్కువ. జీతగాడికి ఏడాది జీతం గింజల్లో కొలిచేవారు. వెట్టికి ఆ కొలతా లేదు. అప్పు కూడా గింజల్లోనే. నాగుకు తెచ్చిన ధాన్యం పంటనాటికి ఒకటికి ఒకటిన్నరో రెండో అయ్యేది. గింజల్లో జీతం తీసుకున్నవాడు ఆ గింజలు కొలిచే పటేలు వాకిలి వదిలి పోలేడు. నగదు చేతికొచ్చినవాడు, ఎంత తక్కువైనా, ఇంకో దుకాణానికి పోగలడు, ఇంకో ఊరికి బస్సెక్కగలడు. నగదును మార్కెట్ మాయగా మాత్రమే చూసే అభ్యుదయ విమర్శకులు ఈ చిన్న స్వేచ్ఛను లెక్కలోకి తీసుకోవడం లేదని నా ఫిర్యాదు.

1972లో పటాన్‌చెరు పక్కన ఇక్రిశాట్ వెలిసింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పరిశోధన దాని పని. అయితే మనబోటి సాహిత్య విద్యార్థులకు పనికొచ్చే మరో పని కూడా ఆ సంస్థ చేసింది. 1975 నుంచి పాలమూరు జిల్లా ఔరేపల్లితో సహా ఆరు పల్లెల్లో, పల్లెకు నలభై కుటుంబాల చొప్పున, ఏం సంపాదించారు, ఏం తిన్నారు, ఎవరి దగ్గర ఎంత బదులు తెచ్చారు అని ఏళ్ల తరబడి రాయించింది. వాటిలో మూడు పల్లెల లెక్కలు ముందు పెట్టుకుని రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1994లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. పంట పోయిన ఇల్లు తిండి విషయంలో అనుకున్నంతగా కుప్పకూలడం లేదని, చేబదుళ్లూ ఇచ్చిపుచ్చుకోవడాలూ దాన్ని కొంత నిలబెడుతున్నాయని అందులో తేలింది. ఆ ఆసరా అందరికంటే తక్కువగా అందేది భూమి లేనివాళ్లకే అని కూడా తేలింది. ఊరి ఉమ్మడితనం గురించి మనం రాసే పేరాల పక్కన ఈ రెండో వాక్యాన్ని అంటించుకోవలసి ఉంది.

ఇక పరిశ్రమలు. 1960ల్లో రామచంద్రాపురంలో భెల్ వచ్చింది. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు విస్తరించాయి. మందుల పదార్థాలు చేసే కర్మాగారాల వ్యర్థజలాలు నక్కవాగులో కలిశాయి, నక్కవాగు మంజీరలో కలిసింది. వాగు నీళ్లు పారిన పొలాలు చౌడు తేలాయి, బావులు రంగు మారాయి. డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివారు ఊళ్లవాళ్లతో కలిసి పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జిల్లా న్యాయమూర్తి విచారణ జరిగింది, రైతులకు పరిహారం ఇమ్మని ఉత్తర్వులు వచ్చాయి. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం కట్టారు. ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించేసరికి లోకమంతా ఉలిక్కిపడింది.

పరిహారాన్నే చూద్దాం. పంట నష్టాన్ని ఎకరాల్లో లెక్కించారు. ఎకరం ఉన్నవాడికి నష్టం ఉంది, కనుక పరిహారం ఉంది. ఆ పొలంలో నాటు వేసే మనిషికి, వాగులో చేపలు పట్టే బెస్తకు, బట్టలు ఉతికే చాకలికి, గొర్లను నీళ్లకు తోలే గొల్లకు ఎకరాలు లేవు. వాళ్లు పోగొట్టుకున్నది వాగును. వాగుకు పట్టా ఉండదు. ఆ ప్రాంతంలో డబ్బు పట్టా వెంట నడవడం అప్పుడే మొదలయింది.

పాతికేళ్ల తర్వాత అదే జిల్లాలో అదే తగాదా మళ్లీ వచ్చింది. జహీరాబాద్ దగ్గర న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పన్నెండు వేలకు పైగా ఎకరాల్లో జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలం తలపెట్టారు. 2015 జూలైలో వచ్చిన 123వ నంబరు జీవో ప్రకారం భూమిని యజమాని దగ్గర నేరుగా కొనవచ్చు. అమ్మినవాడికి రొక్కం, ఆ భూమి మీద కూలి చేసినవాడి ఊసు లేదు. 2013 నాటి భూసేకరణ చట్టం కూలివాణ్ణి కూడా బాధితుడంటుంది. కుటుంబంలో ఒకరికి ఉద్యోగమో, ఒకేసారి 5 లక్షలో, ఇరవై ఏళ్లపాటు నెలకు 2,000కు తగ్గని భృతో ఇవ్వాలంటుంది. ఆ ప్రాంతపు వ్యవసాయ కూలీలే హైకోర్టుకెక్కారు. 2016 ఆగస్టులో ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. ఎకరం లేని మనిషి, తనకూ ఆ భూమిలో బతుకు ఉండిందని కోర్టులో చెప్పి నెగ్గిన సందర్భం ఇది. దీని మీద నవల రాదగిన వస్తువుంది.

పింఛను కథ వేరు. అది పట్టాను అడగదు, వయసును అడుగుతుంది. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు దాని వాటా నెలకు 75 రూపాయలు. తర్వాత రాష్ట్రంలో అది 200 అయింది. 2014 నవంబరులో ఆసరా పేరుతో 1,000, 2019లో 2,016. వితంతువులకు, చేనేత, గీత కార్మికులకు, తర్వాత బీడీ కార్మికులకు, ఒంటరి మహిళలకు వచ్చింది. ఈ అంకెల వెనక ఇంటిలోపల జరిగిన మార్పును మనవాళ్లు సరిగా చూడలేదు. పింఛను లేని ముసలమ్మ కొడుకు ఇంట్లో ఒక నోరు. పింఛను ఉన్న ముసలమ్మ ఇంటికి ప్రతినెలా ఆదాయం తెచ్చే మనిషి. మందుబిళ్లలు తనే కొనుక్కుంటుంది, మనవడి బస్సు ఛార్జీకి చీరకొంగు ముడి విప్పుతుంది, కోడలి సంఘం కిస్తీకి తక్కువపడితే చేబదులిస్తుంది. పింఛను రోజున కొడుకుల మధ్య వాటాల తగాదా పడే ఇళ్లూ ఉన్నాయి, అబద్ధం కాదు. కాని ఆ తగాదా కూడా ఆమె విలువ పెరిగినందుకు వచ్చిందే. వేళ్లు అరిగిపోయి వేలిముద్ర పడక, పోస్టాఫీసు అరుగు మీద మధ్యాహ్నం దాకా కూర్చునేది కూడా ఈమే.

సారా సంగతి ఎత్తకపోతే పాఠకులు ఊరుకోరు. బెల్టు షాపులు ఈ పారిశ్రామిక బెల్టులో ఏ పథకం కోసమూ ఆగలేదు. జీతాల రోజునా నిండుతాయి, పింఛను రోజునా నిండుతాయి. అయినా జీతం ఇవ్వడం మానేయాలని ఎవరూ అనరు గదా. మధ్యప్రదేశ్‌లో 2011, 12 ఏళ్లలో సేవ, యూనిసెఫ్ కలిసి కొన్ని పల్లెల్లో షరతులేమీ లేకుండా నెలనెలా నగదు ఇచ్చి చూశారు. తిండి మెరుగైంది, పిల్లల బడి హాజరు పెరిగింది, కూలికి పోవడం కొంత తగ్గి సొంత చేనులో పని పెరిగింది. సోమరితనం అనే మాటకు అక్కడ ఆధారం దొరకలేదు.

2018 మే 10న మొదలైన రైతుబంధుకు మళ్లీ పట్టాయే కొలబద్ద. పంటకు ఎకరాకు 4,000; మరుసటి ఏడు 5,000. మొదటిసారి చెక్కులు, ఆ తర్వాత నేరుగా ఖాతాలోకి. రెండెకరాల చిన్నరైతుకు విత్తనాల వేళకు పదివేలు చేతికి రావడం మాటలు కాదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి షావుకారు గుమ్మం ఎక్కే అవసరం ఆ మేరకు తగ్గింది. ఇది ఒప్పుకోవలసిన మేలు. అయితే ఎకరాలకు పరిమితి పెట్టలేదు. రెండెకరాలకు ఏడాదికి 20 వేలు వస్తే యాభై ఎకరాలకు 5 లక్షలు వచ్చాయి. కౌలుదారుకు ఏమీ రాలేదు. కౌలు నోటిమాట మీద నడిచేది. కాగితం రాస్తే 1950 నాటి కౌలుదారీ చట్టం కింద హక్కు పుడుతుందేమోనన్న భయం యజమానికి ఇప్పటికీ పోలేదు. పాత పహాణీలో పట్టాదారు పక్కన అనుభవదారు అనే గడి ఉండేది. 2020లో వచ్చిన ధరణిలో ఆ గడికి చోటు లేకపోయింది. దున్నేవాడు దున్నుతున్నట్లు చెప్పే ఒక్క కాగితం అట్లా పోయింది.

మన ప్రాంతంలో దీనికి మరో మలుపు ఉంది. హైదరాబాదుకు దగ్గరలో భూమి ధర పంటతో సంబంధం తెంచుకుని చాలాకాలమైంది. కాగితం మీద వ్యవసాయ భూమి, నేల మీద హద్దురాళ్లు నాటిన ప్లాటు. యజమాని నగరంలో ఉంటాడు, రైతుబంధు అతని ఖాతాలో పడేది. ప్లాటు అమ్ముడుపోయేదాకా అందులో ఆకుకూరలు వేసుకునే మనిషి కౌలు కడతాడు. 2025 జనవరి 26న రైతు భరోసా పేరుతో సాయాన్ని ఏడాదికి ఎకరాకు 12 వేలు చేసినప్పుడు వెంచర్లకు, సాగుకు పనికిరాని భూములకు ఇవ్వబోమన్నారు. అది మంచిదే. ఆకుకూరల మనిషికి మాత్రం అప్పుడూ వాటా రాలేదు.

అదే రోజున భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12 వేలు ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలైంది. ఎకరం అడగని సాయం కూలికి రావడం ఈ వరుసలో కొత్త సంగతి. దానికి పెట్టిన షరతు ఏమంటే, 2023, 24 సంవత్సరంలో ఉపాధి హామీ కింద కనీసం ఇరవై రోజులు పని చేసి ఉండాలి. 2006లో మొదలైన ఆ పథకపు తొలి జిల్లాల్లో మెదక్ ఒకటి. అమీన్‌పూర్, తెల్లాపూర్, బొల్లారం కూడా ఒకనాడు పల్లెలే. 2018లో అవి మునిసిపాలిటీలయ్యాయి. మునిసిపాలిటీలో ఉపాధి హామీ ఉండదు, జాబ్ కార్డు ఉండదు. ఆ ఊళ్ల ఆడవాళ్లు అపార్ట్‌మెంట్లలో అంట్లు తోముతున్నారు, ఇంకా మిగిలిన చేలల్లో కలుపు తీస్తున్నారు. చేసే పని మారలేదు, ఊరి పేరుకు ముందున్న మాట మారింది. ఇరవై రోజుల పని లెక్క చూపమంటే వాళ్ల దగ్గర చూపడానికి ఏ కాగితమూ లేదు.