దాదాజాన్ చదివిన కాగితం

మా దాదాజాన్ ఇంతెకాల్ అయి నలభై రోజులు దాటాయి. చహెల్లుం ఫాతెహా అయ్యాక అబ్బా ఆయన ట్రంకు పెట్టె తాళం నా చేతికిచ్చి, "పత్రికలో పనిచేసేవాడివి, నువ్వే చూడు" అన్నారు. పెట్టెలో ఒక జానమాజ్, పిడి విరిగిన భూతద్దం, ఎండిన కలందాన్, వాటి కింద దారంతో కట్టిన కాగితాలు. అన్నీ ఉర్దూలోనే.

దాదాజాన్ తాను పుట్టిన సంవత్సరం 1340 ఫస్లీ అనే చెప్పేవారు. దానికి 590 కలిపితే 1930 వస్తుంది. నైజాం సర్కారులో శిస్తు లెక్కలు ఫస్లీ సాలు మీదే నడిచేవి. 1880ల్లో ఫార్సీ పోయి ఉర్దూ దఫ్తరు భాష అయింది. పల్లెలో రైతు మాట్లాడేది తెలుగు. తహసీల్‌కు వెళ్తే అతని భూమి ఉర్దూలో ఉండేది. పట్టాదారు, జమాబందీ, దరఖాస్తు, రసీదు, తకరారు, ఫైసలా... ఈ మాటలన్నీ రైతు నోటికి వచ్చాయి. లిపి మాత్రం రాలేదు. ఆ మాటకూ లిపికీ మధ్య కూర్చున్న మనిషి మా దాదాజాన్. నల్లగొండ జిల్లాలో ఒక తహసీల్‌లో నకల్‌నవీస్. ఊళ్లవాళ్లకు మున్షీసాబ్.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగినప్పుడు ఆయనకు పద్దెనిమిదేళ్లు. ఆ రోజుల గురించి ఎంత అడిగినా, "గుజర్ గయా బేటా" అనేవారు, అంతే. ఆ తర్వాత ఎందరో ముస్లిం ఉద్యోగుల కొలువులు పోయాయి. ఆయనకు చిన్న కొలువు దొరకడమే గొప్ప. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1966లో తెలుగు అధికార భాషగా చట్టం వచ్చింది. పెళ్లయి ఇద్దరు పిల్లలున్న మనిషి, పక్కింటి బడిపిల్లాడి పలక తీసుకుని అ ఆలు దిద్దారు. నేను ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకుంటానంటే ఇంట్లో అందరూ నవ్వారు. ఆయన మాత్రం ఫీజు కట్టారు.

ఇక ఆ భూమి సంగతి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. ఏళ్ల తరబడి దున్నుతున్న కౌలుదార్లను రక్షిత కౌలుదార్లుగా రిజిస్టర్లలో ఎక్కించారు. 1970ల్లో అదే చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద వాళ్లకు యాజమాన్య హక్కు పత్రాలివ్వడం మొదలైంది. మా పరదాదా పేరున మూడెకరాలుండేది. దాన్ని ఒక దళిత కుటుంబం దున్నుకునేది. వాళ్ల పేరు రిజిస్టర్‌లో ఉందా లేదా అని విచారణ వచ్చింది. వచ్చిన అధికారికి ఉర్దూ రాదు. పాత రిజిస్టర్ తెచ్చి దాదాజాన్ ముందే పెట్టారు. అది శికస్తా రాత. అక్షరాలు విరిగి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఆ గదిలో దాన్ని చదవగలిగింది ఆయనొక్కరే.

ఆయన చదివారు. కౌలుదారు పేరు, అతని తండ్రి పేరు, సర్వే నెంబరు, విస్తీర్ణం, అన్నీ. మూడెకరాలు పోయాయి.

చిన్నదాదా చాలా ఏళ్లు ఆయనతో మాట్లాడలేదట. "భాయ్‌సాబ్, ఆ ఒక్క సతర్ చదవకుండా దాటేస్తే ఎవరికి తెలిసేది?" అని అడిగితే, "కాగజ్ అమానత్ హై. రాసి ఉన్నదే చదివాను" అన్నారట. అబ్బాకు కూడా లోపల కోపం ఉండేది. ఆ పొలం ఉంటే తన చదువు ఇంటర్‌తో ఆగేది కాదని అమ్మీతో అనడం నేను విన్నాను. ఆ మాట తప్పని నేను అనలేను. మా ఇంట్లో ఆ తర్వాత ఇబ్బందులు నిజంగానే వచ్చాయి. హక్ నిలబెట్టడం ఉచితంగా జరిగే పని కాదు. దాని ఖరీదు ఆయనతో పాటు దాదీ, అబ్బా కూడా కట్టారు.

చిన్నప్పుడు ప్రతి ఏడూ కొత్త పంటకు మా ఇంటికి కందులు ఎందుకొచ్చేవో నాకు తెలియదు. జనాజా రోజు తెలిసింది. ఆ కౌలుదారు మనవడు, నా ఈడువాడే, తలకు రుమాలు కట్టుకుని వచ్చి డోలాకు భుజం పట్టాడు. ఖబ్రస్తాన్ దాకా భుజం మార్చలేదు. అబ్బా అతని పక్కనే నడిచారు. మట్టి ఇచ్చాక ఇద్దరూ ఒకే నల్లా దగ్గర చేతులు కడుక్కున్నారు.

పోయిన వారం ఒక ముసలి రైతు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక సేత్వార్ నకలు. "మున్షీసాబ్ ఉన్నాడా బిడ్డా?" అన్నాడు. లేరని చెప్పి, నేను చదువుతానని కూర్చున్నాను. అచ్చు ఉర్దూ నాకు నీళ్ల లెక్క. ఆ శికస్తా మాత్రం సగం కూడా పోల్చుకోలేకపోయాను. భూతద్దం తెచ్చినా లాభం లేకపోయింది. ఆయన టీ తాగి, కవరు మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రాత నేర్పుతానని దాదాజాన్ ఎన్నిసార్లు పిలిచారో! ఇరవై ఏళ్లలో నాకు ఒక్క ఇత్వార్ ఖాళీ దొరకలేదు.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పెట్టెలుంటాయి. పాత కాగితమని పారేయకండి, అందులో ఇంకొకరి హక్ ఉండొచ్చు. చదవగల బుజుర్గులు ఇంకా ఉంటే, ఈ ఇత్వారే వాళ్ల పక్కన కూర్చోండి.

అల్లాహ్ మా దాదాజాన్‌కు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.