గీత ఎక్కడ గీశారు?

1817లో ఎడిన్‌బరో నుంచి వెలువడే ఒక వైద్య పత్రిక స్కాట్లండ్ స్థానిక దళాల సైనికుల ఒంటి కొలతలను అచ్చు వేసింది. వైద్యులు తీసిన కొలతలు కావవి. సైన్యానికి సరకులు అందించే ఒక గుత్తేదారు సేకరించినవి. ఏ దళంలో ఎంత ఎత్తువాళ్లు ఎందరు, వాళ్ల ఛాతీ చుట్టుకొలత ఎన్ని అంగుళాలు అన్నది అందులో ఉంది. సుమారు మూడు దశాబ్దాల తరవాత ఆ అంకెలను బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే చేతిలోకి తీసుకున్నాడు. దళాల తేడా, ఎత్తుల తేడా పక్కనపెట్టి, ఛాతీ కొలత ఒక్కటే చూస్తూ అందరినీ ఒకే వరుసలో కలిపాడు. 1846లో అచ్చయిన ఆయన పుస్తకంలో 5,738 మంది మనుషులు పదహారు అంకెలుగా కుదించుకుపోయి కనిపిస్తారు.

ఆ పదహారు అంకెలూ ఇక్కడ రాస్తాను, ఎందుకంటే వాటిని చదవడంలోనే ఆనందం ఉంది. 33 అంగుళాల దగ్గర ముగ్గురు. 34 దగ్గర 18 మంది. తరవాత వరుసగా 81, 185, 420, 749, 1,073. 40 అంగుళాల దగ్గర 1,079 మందితో శిఖరం. అక్కడి నుంచి దిగుడు: 934, 658, 370, 92, 50, 21, 4. చివర 48 అంగుళాల ఛాతీతో ఒకే ఒక్కడు. ఎక్కినంత పద్ధతిగా దిగిన గుట్ట ఇది. ఖగోళ శాస్త్రంలో ఒకే నక్షత్రాన్ని పదేపదే కొలిచినప్పుడు వచ్చే పొరపాట్లు ఇదే ఆకారంలో పరుచుకుంటాయని కెట్లేకి తెలుసు. మనుషుల ఒళ్లు కూడా అదే ఆకారంలో పరుచుకోవడం చూసి ఆయన చకితుడయ్యాడు. ప్రకృతి ఒకే నమూనా మనిషిని గురిపెట్టి, ప్రతిసారీ కొంచెం గురి తప్పుతోందని నమ్మాడు. ఆ నమ్మకం మితిమీరిందని నా అభిప్రాయం. కానీ గుట్ట మాత్రం నిజం.

దళాలవారీగా చెదిరి ఉన్న ఆ పాత పట్టికల్లో ఈ గుట్ట కంటికి ఆనదు. దాన్ని పైకి తెచ్చిన పని మన పిల్లలు హైస్కూల్లో నేర్చుకునేదే. అతి చిన్న విలువ 33, అతి పెద్దది 48, తేడా 15. ఒక్కో అంగుళాన్ని ఒక్కో తరగతిగా తీసుకోవాలి. ఒక్కో మనిషికి ఒక్కో నిలువు గీత, అయిదో మనిషికి ఆ నాలుగింటి మీదా అడ్డగీత. గీతలు లెక్కపెడితే పౌనఃపున్యం వస్తుంది. టేపును దగ్గరి అంగుళానికి చదివారనుకుంటే, 40 అని రాసిన గదిలో ఉన్నవాళ్లు అసలు 39.5కీ 40.5కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. వాళ్లలో ఎవరు 39.6, ఎవరు 40.4 అన్నది ఇక ఎప్పటికీ తెలియదు. ఆ వివరం పోగొట్టుకున్నాం కనకే ఆకారం కనిపించింది.

ఎంత పోగొట్టుకోవాలన్నది మాత్రం ఎవరో ఒకరు నిర్ణయించాలి. అదే 5,738 మందినీ నాలుగేసి అంగుళాల తరగతుల్లో వేసి చూడండి. 33 నుంచి 36 వరకు 287 మంది, 37 నుంచి 40 వరకు 3,321, 41 నుంచి 44 వరకు 2,054, 45 నుంచి 48 వరకు 76. ఒకవైపు ఒరిగిన గుట్ట ఇది. ఇప్పుడు మొదలుపెట్టే చోటును రెండు అంగుళాలు జరపండి. 33, 34 కలిపి 21. 35 నుంచి 38 వరకు 1,435. 39 నుంచి 42 వరకు 3,744. 43 నుంచి 46 వరకు 533. 47, 48 కలిపి అయిదుగురు. మధ్యలో నిటారుగా లేచి, ఎడమ పక్క లావుగా, కుడి పక్క సన్నగా ఉన్న మరో గుట్ట. మనుషులు మారలేదు, టేపు మారలేదు, తరగతి వెడల్పు కూడా మారలేదు. గీత గీసిన చోటు మారింది, అంతే. మొదటి పట్టిక చూసినవాడు సైనికుల్లో నూటికి 58 మంది ఒకే గదిలో ఉన్నారంటాడు. రెండోది చూసినవాడు నూటికి 65 మంది అంటాడు, పైగా వేరే గదిలో.

మన పదో తరగతి లెక్కల్లో సగటు, మధ్యగతం, బాహుళకం కట్టమని ఇచ్చే పట్టికలు చాలావరకు తరగతులు ముందే వేసి ఉన్నవి. ఆ తరగతులు ఎవరు వేశారు, అక్కడే ఎందుకు మొదలుపెట్టారు అని పిల్లవాడు అడిగే సందర్భమే రాదు. సూత్రం వేస్తాడు, జవాబు రాస్తాడు. అసలు ఆలోచన అంతా పట్టిక అచ్చులోకి రాకముందే అయిపోయింది. నాకు ఇది బాధగా ఉంటుంది.

ఎన్ని తరగతులు ఉండాలన్న ప్రశ్నకు 1926లో హెర్బర్ట్ స్టర్జెస్ అనే అమెరికన్ ఒక సూత్రం ఇచ్చాడు. విలువల సంఖ్యకు పది ఆధారంగా లాగరిథమ్ తీసి, 3.322తో గుణించి, ఒకటి కలపాలి. స్కాట్లండ్ సైనికులకు వేస్తే పదమూడున్నర దాకా వస్తుంది, కెట్లే వాడిన పదహారుకు మరీ దూరమేమీ కాదు. ఇప్పటికీ కొన్ని కంప్యూటర్ ప్రోగ్రాములు అడక్కుండానే ఈ సూత్రంతోనే సోపాన చిత్రాలు గీసిపెడుతున్నాయి. ఎన్ని గీతలు గీయాలో అది చెబుతుంది. ఎక్కడ గీయాలో చెప్పదు.

తరగతులు వేయడం కెట్లేతో మొదలైంది కాదు. 1662లోనే లండన్ బట్టల వ్యాపారి జాన్ గ్రాంట్, నగరంలో వారంవారం అచ్చయ్యే మరణాల చీటీలు దగ్గర పెట్టుకుని ఒక పట్టిక కట్టాడు. పుట్టిన వందమందిలో ఆరేళ్లలోపు 36 మంది, ఆ తరవాతి పదేళ్లలో 24 మంది, ఆపై పదేళ్లలో 15 మంది పోతారని రాశాడు. చిత్రమేమిటంటే ఆ కాలపు చీటీల్లో చనిపోయినవాళ్ల వయసే ఉండేది కాదు. పసిపిల్లలకే వచ్చే జబ్బుల పేర్లు చూసి మొదటి గదిని అంచనా వేశాడు, మిగతావి లెక్కకు లెక్క అతికించాడు. మొదటి గది ఆరేళ్లు, రెండోది పదేళ్లు. వెడల్పులు వేరైనప్పుడు 36నూ 24నూ నేరుగా పోల్చకూడదు, ఏడాదికి ఎంతో చూడాలి. అలా చూస్తే ఏడాదికి ఆరుగురు ఒకచోట, ఇద్దరిని మించి కొంచెం మరోచోట. పసివాళ్ల చావు ఎంత ఘోరంగా ఉండేదో అప్పుడు తెలుస్తుంది.

మళ్లీ కెట్లే దగ్గరికి వద్దాం. ఆయన పట్టికల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా నిలబెట్టేసింది స్కాట్లండ్ సైనికులది కాదు, ఫ్రాన్స్‌ది. అక్కడ యువకులు నిర్బంధంగా సైన్యంలో చేరాల్సి వచ్చేది. 1 మీటరు 57 సెంటీమీటర్ల కంటే పొట్టిగా ఉన్నవాళ్లకు మినహాయింపు. లక్షమంది ఎత్తుల లెక్కను కెట్లే పరిశీలించాడు. తరగతులు ఇలా ఉన్నాయి: 1.570కి లోపు, 1.570 నుంచి 1.598 వరకు, 1.598 నుంచి 1.624 వరకు, ఇలా పైకి. వెడల్పులు వింతగా కనిపిస్తాయి గానీ అవి పాత ఫ్రెంచి అంగుళాలు, ఒక్కోటి సుమారు 2.7 సెంటీమీటర్లు. 157 సెంటీమీటర్లంటే ఆ కొలతలో 58 అంగుళాలు. అంటే చట్టం గీసిన గీతా, పట్టిక గీసిన గీతా ఒకే చోట పడ్డాయి.

పట్టికలో 1.570కి లోపు 28,620 మంది ఉన్నారు. తన గుట్ట ఆకారాన్ని బట్టి లెక్క కడితే అక్కడ 26,345 మందే ఉండాలని కెట్లే తేల్చాడు. ఆ పై తరగతిలో 13,182 మంది ఉండాల్సింది, 11,580 మందే ఉన్నారు. దాని పైదాంట్లో 14,502కు బదులు 13,990. మరీ పైకి వెళితే లెక్కా వాస్తవమూ దాదాపు సరిపోతున్నాయి. 1.705 నుంచి 1.732 వరకు 5,527 రావాలి, 5,530 వచ్చింది. తేడా అంతా గీతకు అటూ ఇటూ పోగుపడింది. గీత పైన రెండు వేల పైచిలుకు మంది తగ్గారు, గీత కింద అంతకు కొంచెం ఎక్కువగానే పెరిగారు. యుద్ధానికి పోవడం ఇష్టంలేని కుర్రవాళ్లు మోకాళ్లు కాస్త వంచారో, కొలిచేవాళ్లు కనికరించారో, చెయ్యి తడిపించుకున్నారో పట్టిక చెప్పదు. వాళ్లలో ఏ ఒక్కడి పేరూ అందులో లేదు. కానీ రెండు వేలమంది కలిసి చేసిన పని అంకెల్లో మిగిలిపోయింది.

ఈ రుజువు గుట్ట ఆకారం మీద కెట్లేకున్న నమ్మకంపై ఆధారపడిందన్న మాట నిజమే. అయినా 1.570కి పైన ఉన్న మొదటి రెండు గదులూ వరుసగా తక్కువ కావడం, అవి గీతకు ఆనుకునే ఉండడం కాకతాళీయం అనిపించదు. ఇంకొకటి గమనించండి. ఆ పట్టిక కట్టిన గుమాస్తాలు గుండు అంకెల మీద మోజుపడి 1.55 నుంచి 1.60 వరకు ఒకే తరగతి వేసి ఉంటే, 158 సెంటీమీటర్ల కుర్రవాడు 156గా మారినా అదే గదిలో ఉండేవాడు. దొంగతనం జరిగేది, పట్టిక నిర్మలంగా ఉండేది.

ఇటువంటిదే మన కాలంలోనూ ఉంది. పోలెండ్‌లో హైస్కూలు చివరి పరీక్షకు ఉత్తీర్ణత గీత 30 శాతం. మార్కుల విభాజనం ఒక్కో మార్కుగా గీస్తే, గీతకు సరిగ్గా దిగువన లోతైన పల్లం, గీత దగ్గర నిటారైన మిట్ట కనిపిస్తాయి. ఒకటి రెండు మార్కుల దూరంలో ఆగిపోయిన పిల్లలను దిద్దేవాళ్లు అవతలికి చేర్చారు. ఉత్తీర్ణత గీత గది మధ్యలో పడేలా పదేసి మార్కుల తరగతులు వేస్తే పల్లమూ మిట్టా ఆ గది లోపలే కలిసిపోతాయి.

గీత తప్పుచోట పడితే లేనిది పుట్టుకొస్తుంది కూడా. తూర్పు ఫ్రాన్స్‌లోని డూ జిల్లా యువకుల ఎత్తులకు 1863లో అడాల్ఫ్ బెర్తియాన్ పట్టిక కడితే ఒక గుట్టకు బదులు రెండు శిఖరాలు లేచాయి. రెండు శిఖరాలంటే రెండు జాతులు అన్నాడు, పొట్టి కెల్టులు, పొడుగు బర్గండీలు. పండితులు మూడు దశాబ్దాలు ఆ మాటను ఉదాహరణగా చెప్పుకున్నారు. 1896లో ఇటలీకి చెందిన రిడోల్ఫో లివి లెక్కలు తిరగేసి, ఆ రెండో శిఖరం మనుషుల్లో లేదని చూపాడు. అంగుళాలకూ సెంటీమీటర్లకూ మధ్య కొలతలు మార్చి తరగతులు వేసిన పద్ధతిలోంచే అది పుట్టింది. నిండు సెంటీమీటర్లలో ఉన్న ఎత్తులను అంగుళాల గదుల్లో వేస్తే, ఒక గదికి మూడు సెంటీమీటర్లు, పక్క గదికి రెండే దక్కుతాయి. మూడు దక్కిన గది ఉబ్బుతుంది, రెండు దక్కినది కుంగుతుంది. ఆ ఉబ్బుకు జాతి అని పేరు పెట్టారు. ఆ శతాబ్దంలో జాతుల పేరుతో ఏమేం జరిగిందో తెలిసినవాళ్లకు ఇది చిన్న పొరపాటుగా అనిపించదు.

మన జనాభా లెక్కల్లో ఇదంతా తలకిందులుగా నడుస్తుంది. దేశమంతటా ఒకేసారి లెక్క తీసిన 1881 నుంచీ అధికారులను వేధించినది వయసు. పుట్టినతేదీ రాసిపెట్టుకోని పెద్దవాళ్లు దివిసీమ ఉప్పెన నాటికి చంకలో పిల్లవాడున్నాడనో, ఫలానా కరవు ఏడు పెళ్లయిందనో చెబుతారు. గణకుడు దాన్ని బట్టి అంచనా కట్టాలి. అంచనా ఎప్పుడూ నలభైకో నలభై అయిదుకో వెళ్లి ఆగుతుంది, నలభై మూడు దగ్గర ఆగదు. ఒక్కో ఏడాదిగా గీసిన పాత వయసు పట్టికల్లో సున్నాతో, అయిదుతో ముగిసే వయసులు స్తంభాల్లా నిలబడతాయి. ఈ పోగును కొలవడానికి విపిల్ సూచిక అని ఒకటుంది. 23 నుంచి 62 ఏళ్ల వాళ్లందరినీ తీసుకుని, అందులో సున్నా, అయిదులతో ముగిసే వయసులు చెప్పినవాళ్లు న్యాయంగా రావలసిన అయిదో వంతుకు ఎన్ని రెట్లున్నారో చూసి, దాన్ని వందతో గుణిస్తారు. పోగు లేకపోతే 100, అందరూ అవే చెబితే 500.

మందు తరగతుల్లోనే ఉంది. 43 నుంచి 47 వరకు ఒక గదిగా వేస్తే 45 మధ్యలో పడుతుంది. 44 అయినా, 46 అయినా 45 అని చెప్పినవాళ్లు ఆ గదిలోనే ఉంటారు, వాళ్ల పొరపాటు గది లోపలే సర్దుకుంటుంది. ఫ్రాన్స్ పట్టికలో గీత అబద్ధం మీద పడి దాన్ని బయటపెట్టింది. ఇక్కడ అదే గీతను కావాలని దూరంగా జరిపి, తెలియక దొర్లిన తప్పును సరిచేస్తున్నాం. అయినా ప్రభుత్వాలు అచ్చువేసే అయిదేళ్ల వయోవర్గాలు 40 నుంచి 44, 45 నుంచి 49 అని సున్నా, అయిదుల దగ్గరే మొదలవుతాయి. చదవడానికి, దేశాల మధ్య పోల్చడానికి అదే సులువు. అందుకే 44 ఏళ్ల వ్యక్తి 45 అన్న ప్రతిసారీ ఒక గది నుంచి పక్క గదిలోకి దూకుతారు. ఆ దూకుళ్లను సరిచేశాకే జనాభా శాస్త్రవేత్తలు ఆయుఃప్రమాణం లెక్కలకు పూనుకుంటారు. ఆ సవరణకు కావలసిన ఒక్కో ఏడాది వయసు పట్టికను కూడా మన జనగణన శాఖ విడిగా అచ్చువేస్తుంది కనక ఆ పని సాధ్యమవుతోంది.