శ్రీనాథ్ రెడ్డి, కె. : పరిశోధన వ్యాసాలు, వాటి ప్రభావం

హృద్రోగ నిపుణుడు, ప్రజారోగ్య పరిశోధకుడు. ఆయన వ్యాసాలు 500కు పైగా ఉన్నాయి. ఉస్మానియా వైద్య కళాశాలలో ఎంబీబీఎస్, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎండీ, కార్డియాలజీలో డీఎం చేశారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో క్లినికల్ ఎపిడెమియాలజీ చదివారు. తర్వాత ఎయిమ్స్‌లో కార్డియాలజీ విభాగాధిపతి అయ్యారు. పదేళ్లు ‘నేషనల్ మెడికల్ జర్నల్ ఆఫ్ ఇండియా’కు సంపాదకత్వం వహించారు.

ఆయన పేరు ప్రపంచానికి బాగా తెలిసింది 1998లో. సలీం యూసుఫ్‌తో కలిసి ‘సర్క్యులేషన్’ పత్రికలో రాసిన వ్యాసం, వర్ధమాన దేశాల్లో గుండెజబ్బులు మహమ్మారిలా పెరుగుతున్నాయని చెప్పింది. గుండెపోటు డబ్బున్నవాళ్ల జబ్బని, పేద దేశాలకు మలేరియా, క్షయ చాలునని అప్పట్లో చాలామంది అనుకునేవారు. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయేవారి సంఖ్య సంపన్న దేశాలకంటే వర్ధమాన దేశాల్లోనే ఎక్కువని ఈ వ్యాసం లెక్కతో చూపింది. పైగా ఇక్కడి మరణాల్లో దాదాపు సగం 70 ఏళ్లలోపువారివే. సంపాదించే మనిషి పోతే ఇల్లు ఏమవుతుందో అందరికీ తెలుసు. ఈ వ్యాసాన్ని ఆ తర్వాతి పరిశోధకులు విస్తృతంగా ఉటంకించారు.

తెలుగువారికి దగ్గరి అధ్యయనం 2006లో వెలువడింది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 మంది జనాభాలో, ఏడాది కాలంలో జరిగిన 1,354 మరణాలకు కారణాలు వెతికిన బృందంలో ఆయన ఒకరు. పల్లెల్లో మనిషి పోతే కారణం రాసిచ్చే డాక్టరు ఉండడు. అందుకే ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇళ్లకే వెళ్లి, ఇంట్లోవాళ్ల దగ్గర కూర్చుని వివరాలు అడిగారు: ఛాతీలో నొప్పి వచ్చిందా, కాలూచెయ్యీ పడిపోయాయా, ఎన్నాళ్లు మంచం పట్టారు వంటివి. ఆ జవాబులను వైద్యపరంగా పరిశీలిస్తే దాదాపు మూడోవంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవేనని తేలింది. వరి పండే పల్లెల్లో మరణాలకు మొదటి కారణం గుండె, రక్తనాళాల జబ్బులేనని చూపిన విలువైన అధ్యయనమిది.

52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావారి వివరాలను విడిగా పరిశీలించిన వ్యాసం 2007లో ‘జామా’లో వచ్చింది. రచయితల్లో ఆయనా ఉన్నారు. మొదటి గుండెపోటు మనవారికి సగటున 53 ఏళ్లకు, మిగతావారికి దాదాపు 59 ఏళ్లకు వస్తోందని తేలింది. దీనికి జన్యువులను నిందించి ఊరుకోవడం సరికాదు. పొగ, బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్ వంటివి మనవారిని చిన్న వయసులోనే పట్టుకోవడం ప్రధాన కారణమని ఆ వ్యాసం స్పష్టంగా చెప్పింది. అదే ఏడు ఆయన మొదటి రచయితగా, దేశంలోని పది పరిశ్రమల్లో ఉద్యోగులను, కుటుంబసభ్యులను, మొత్తం సుమారు 20,000 మందిని పరిశీలించిన వ్యాసం వచ్చింది. తక్కువ చదువుకున్నవారిలోనే పొగాకు వాడకం, బీపీ ఎక్కువని అందులో తేలింది. డబ్బున్నవాళ్ల జబ్బు అన్న మాటకు అది గట్టి జవాబు.

పొగాకుపై చేసిన పని కూడా చిన్నది కాదు. ఢిల్లీ, చెన్నైలలోని 32 బడుల్లో 11,642 మంది పిల్లలను ప్రశ్నించగా, ఎనిమిదో తరగతివారికంటే ఆరో తరగతివారే పొగాకు ఎక్కువగా వాడుతున్నట్టు తేలింది. 2006లో ‘లాన్సెట్’లో వచ్చిన ఈ ఫలితం కలవరపెట్టేదే. పొగాకు నియంత్రణ కృషికి 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ పురస్కారం లభించింది. 2005లో పద్మభూషణ్ అందుకున్నారు.

2006లో పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా అధ్యక్షుడయ్యాక రచనలు గుండె నుంచి ఆరోగ్య విధానం వైపు మళ్లాయి. ప్రణాళికా సంఘం కోసం ఆయన అధ్యక్షతన పనిచేసిన నిపుణుల బృందం 2011లో, ఆరోగ్యంపై ప్రభుత్వ వ్యయాన్ని స్థూల దేశీయోత్పత్తిలో కనీసం 2.5 శాతానికి పెంచాలని సూచించింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యం కూడా 2.5 శాతమే. 2013–14లో వరల్డ్ హార్ట్ ఫెడరేషన్‌కు అధ్యక్షత వహించారు. ‘మేక్ హెల్త్ ఇన్ ఇండియా’ 2019లో, ‘పల్స్ టు ప్లానెట్’ 2023లో వెలువడ్డాయి.