కోవిడ్ కాలంలో వైద్యులకు చికిత్సా మార్గదర్శకాలు: రుషికొండ, విశాఖపట్నం

మహమ్మారి వేళ ఎవరిని ఇంట్లోనే ఉంచాలి, ఎవరికి ఆక్సిజన్ పెట్టాలి, ఏ మందు ఏ దశలో ఇవ్వాలి అన్న వాటిపై ప్రభుత్వాలు, వైద్య సంస్థలు డాక్టర్లకు ఇచ్చే సూచనలే చికిత్సా మార్గదర్శకాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్-19ను మహమ్మారిగా ప్రకటించింది. కేంద్ర ఆరోగ్య శాఖ అదే నెలలో తొలి చికిత్సా విధానాన్ని విడుదల చేయగా, జూలై 3 నాటికి ఐదో కూర్పు వచ్చేసింది. విశాఖలో తొలి కేసు మార్చి 19న బయటపడింది. హనుమంతవాక దగ్గరి విశాఖ వైద్య విజ్ఞాన సంస్థ విమ్స్‌తో పాటు రుషికొండలోని గీతం వైద్య కళాశాల ఆసుపత్రినీ కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లోని సీఎస్ఆర్ బ్లాకునూ ఇదే పనికి కేటాయించారు.

ఈ కూర్పులన్నీ వరుసగా పెట్టుకుని చూస్తే ఒకటి తేలుతుంది. మొదట్లో ఆశ పెట్టుకున్న చికిత్సలు కొన్ని ఒక్కొక్కటిగా వెనక్కి పోయాయి. శ్వాస లెక్కపెట్టడం, వేలికి ఆక్సీమీటర్ పెట్టడం, రోగిని బోర్లా పడుకోబెట్టడం లాంటి చవకైన పనులు చివరి దాకా నిలిచాయి.

రోగిని అంచనా వేయడం

జాతీయ టాస్క్‌ఫోర్స్ 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన వర్గీకరణ చాలా తేలిక. ఆయాసం లేకుండా దగ్గు, జ్వరం లాంటి లక్షణాలే ఉంటే స్వల్ప దశ, ఇంట్లో చికిత్స చాలు. నిమిషానికి శ్వాస 24 లేదా అంతకు మించినా, ఆక్సిజన్ పెట్టకుండా మామూలు గాలి పీల్చుకుంటున్నప్పుడు శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90–93 శాతం మధ్య ఉన్నా మధ్యస్థం, వార్డులో చేర్చాలి. శ్వాస 30 దాటినా, శాచురేషన్ 90 కంటే పడిపోయినా తీవ్రం, ఐసీయూ కావాలి.

కాగితం మీద తేలికే గానీ, కొలవడంలోనే తేడాలొస్తాయి. శ్వాసను పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం ఓపీలో అలవాటు. అలా చేస్తే 22కీ 26కీ తేడా పట్టుబడదు. ఛాతీ మీద చూపు నిలిపి నిండా నిమిషం లెక్కపెట్టాలి. నెయిల్ పాలిష్ ఉన్నా, చేతులు చల్లబడినా ఆక్సీమీటర్ తప్పు చూపిస్తుంది. కూర్చున్నప్పుడు 96 ఉన్న మనిషిని గదిలో ఆరు నిమిషాలు నడిపిస్తే 91కి దిగవచ్చు. ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ తగ్గిపోవడం ఈ జబ్బులో కొత్తగా కనిపించిన లక్షణం కాబట్టి, ఫోన్లో మాట్లాడే డాక్టరు కూడా ఈ నడక పరీక్ష చేయించి అంకె అడగాల్సి వచ్చింది. జనం మాత్రం ఊపిరితిత్తుల స్కాన్‌లో ఇచ్చే సీటీ స్కోరు చుట్టూ తిరిగారు. ‘ఇరవై అయిదుకి ఎంత వచ్చింది?’ అన్నది ఆ రోజుల్లో పలకరింపు అయిపోయింది. స్వల్ప లక్షణాలున్న వారికి స్కాన్ అవసరం లేదని నిపుణులు చెప్పినా, స్కాన్ సెంటర్ల ముందు వరుసలు తగ్గలేదు.

ఆయాసంతో వచ్చే ప్రతి రోగీ కోవిడ్ రోగి కాడని విశాఖ వైద్యులకు చాలా ముందే తెలిసివచ్చింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్ మధ్యలో వందలాది మంది కేజీహెచ్‌కు, ఇతర ఆసుపత్రులకు చేరారు.

ఆక్సిజన్ లెక్క

శాచురేషన్‌ను 100కి చేర్చాల్సిన పని లేదు. 92–96 మధ్య నిలిస్తే చాలు. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి 88–92 సరిపోతుంది. ఇది రోగి క్షేమం కోసం చెప్పిందే అయినా, రెండో వేవ్‌లో పొదుపు సూత్రంగా కూడా పనికొచ్చింది. వార్డుల్లో వాడే పెద్ద సిలిండర్‌లో దాదాపు 7,000 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 15 లీటర్లు పోయే మాస్కుతో అది ఎనిమిది గంటలు కూడా రాదు. నిమిషానికి 60 లీటర్లు పోయే హై ఫ్లో పరికరం మీద రెండు గంటల్లోపే ఖాళీ. పాడేరు నుంచి వందకు పైగా కిలోమీటర్లు ఘాట్ రోడ్డు దిగి వచ్చే రోగికి 1,500 లీటర్ల చిన్న సిలిండర్ ఒక్కటి పెట్టి పంపితే, నిమిషానికి పది లీటర్ల చొప్పున రెండున్నర గంటలే. కాబట్టి రోగిని పంపే డాక్టరు మందుల చీటీతో పాటు ఈ భాగహారం కూడా చేయాలి.

మెలకువగా ఉన్న రోగిని బోర్లా పడుకోబెట్టడం ఖర్చు లేని చికిత్స. ఊపిరితిత్తుల వెనుక భాగం తెరుచుకుని ఆక్సిజన్ ఎక్కుతుంది. పొట్ట పెద్దగా ఉన్నవారు, నడుం నొప్పి ఉన్నవారు ఒప్పుకోరు. ఛాతీ కింద, తుంటి కింద దిండ్లు సర్ది, రెండు గంటలకోసారి పక్కకు తిప్పే నర్సు ఓపికే ఇక్కడ మందు.

విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ఏడు ట్యాంకర్ల ద్రవ ఆక్సిజన్‌తో దేశంలోనే మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ 2021 ఏప్రిల్ 22న మహారాష్ట్రకు బయల్దేరింది. తర్వాత మూడు వారాలైనా తిరగకుండానే, మే 10 రాత్రి, తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి 11 మంది చనిపోయారు. ఉత్పత్తి ఉన్నంత మాత్రాన మంచం దాకా అందదు.

మందులు

2020 జూన్ 16న బ్రిటన్‌లోని రికవరీ ప్రయోగం డెక్సామెథసోన్ ఫలితాన్ని ప్రకటించింది. వెంటిలేటర్ మీదున్న వారిలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్న వారిలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి లాభం కనబడలేదు. జూన్ 27 కూర్పులో మన దేశమూ దీన్ని చేర్చింది. రోజుకు 6 మిల్లీగ్రాములు, కొద్ది రూపాయల మందు.

చిక్కల్లా ఎప్పుడు మొదలుపెట్టాలన్నదే. జ్వరం వచ్చిన రెండో రోజే, శాచురేషన్ 98 ఉండగానే స్టెరాయిడ్ రాసిన చీటీలు కోకొల్లలు. షుగర్ చూడకుండా వాడిన చోట 2021 మేలో బ్లాక్ ఫంగస్ విజృంభించింది, రాష్ట్ర ప్రభుత్వం దాని చికిత్సను ఆరోగ్యశ్రీ పథకంలో చేర్చాల్సి వచ్చింది. ముఖం ఒక పక్క మొద్దుబారడం, ముక్కు నుంచి నల్లటి స్రావం, పళ్లు కదలడం, కన్ను వాయడం కనబడగానే ఈఎన్‌టీ వైద్యుడికి చూపించాలి.

కోలుకున్నవారి నుంచి తీసి ఎక్కించే ప్లాస్మా కథ వేరు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద చేసిన ప్రయోగంలో ప్రయోజనం లేదని 2020లోనే తేలింది. అయినా మార్గదర్శకాల నుంచి అది తొలగింది 2021 మే 17న. ఈలోగా దాతల కోసం వాట్సాప్‌లో తిరిగిన మెసేజీలకు లెక్క లేదు. హైడ్రాక్సీక్లోరోక్విన్, ఐవర్‌మెక్టిన్ 2021 సెప్టెంబరులో పోయాయి. రుజువు రావడానికీ చీటీ మారడానికీ మధ్య ఇంత కాలం పట్టడం ఈ మార్గదర్శకాల్లో పెద్ద లోపం.

సిబ్బంది రక్షణ

పీపీఈ వేసుకోవడం కంటే విప్పడంలోనే ప్రమాదం ఎక్కువ. గ్లోవ్స్ ముందు తీసి, మెట్టు మెట్టుకూ చేతులు శుభ్రం చేసుకుని, ఎన్-95 మాస్కును వార్డు దాటాకే విప్పాలి. సముద్రపు ఉక్కపోతలో, మే నెలలో, ఇది మాటల్లో ఉన్నంత సులువు కాదు. చెమటకు గాగుల్స్ మసకబారతాయి, రెండు జతల గ్లోవ్స్ మీద నుంచి నరం చేతికి తెలియదు. శ్వాసనాళంలో గొట్టం వేసే పనిని అందరిలోకీ అనుభవజ్ఞుడికే అప్పగించాలన్న నియమం అందుకే.

డాక్టర్ల మీద దాడులు పెరగడంతో 2020 ఏప్రిల్ 22న కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించి, దాడిని బెయిలు దొరకని నేరం చేసింది. దాడుల మూలం చాలా చోట్ల సమాచారం లేకపోవడమే. లోపలున్న మనిషి ఎలా ఉన్నాడో గేటు బయటి బంధువులకు తెలియదు. రోజుకోసారి ఫోన్ చేసి శాచురేషన్ ఎంతో చెప్పడం చికిత్సలో భాగమేనని పెద్దాసుపత్రులు ఆలస్యంగా గుర్తించాయి.

కోలుకున్నాక కూడా దగ్గు రెండు మూడు వారాలకు మించి తగ్గకపోతే క్షయ పరీక్ష చేయించాలని 2022 జనవరి సవరణ చెప్పింది. విశాఖలో అలాంటివారిని పంపాల్సింది పెదవాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ, అంటువ్యాధుల ఆసుపత్రికి.